చల్లారనీ మేస్త్రి ఎర్రరేకు

ఆ రాతి క్వారీలో హెడ్ మెకానిక్కుకి తెలిసిన మంత్రం ఒక్కటే: "చల్లారనీ." ఇంజను ఆవిరి కక్కుతున్నా అదే మాట. ఇద్దరు డ్రైవర్లు కాలర్లు పట్టుకున్నా అదే మాట. ఎదురుగా టీ గ్లాసు పెట్టినా అదే మాట. ఒకసారి షెడ్డు మూలన నూనె గుడ్డలు అంటుకుని, అందరూ ఇసుక బక్కెట్ల కోసం పరుగులు పెడుతుంటే ఈయన తాపీగా నిలబడి "చల్లారనీ" అన్నాడని చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. అందరికంటే ముందు ఇసుక పోసింది ఆయనే, పోశాకే ఆ మాట అన్నాడు. కానీ మొదటి కథే బాగుందని ఎవరూ దిద్దలేదు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన చల్లారనీ మేస్త్రి.

ఈ అందరిలో ఒక్కడు మాత్రం ఆ పేరు పలికేటప్పుడు పళ్ళు నూరేవాడు. అతను రెండో మెకానిక్కు. చేరిన రోజే చదువు సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి తెచ్చి పనిముట్ల బీరువా మీద నిలబెట్టాడు కాబట్టి క్వారీ అంతా అతన్ని డిప్లొమా అనేది. మనిషి చెడ్డవాడు కాదు. పనిమంతుడు. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న రాతిపొడిని గాలిగొట్టంతో ఊదాలంటే లోపలి నుంచి బయటికి ఊదాలని, బయటి నుంచి ఊదితే దుమ్ము ఇంకా లోపలికి దిగబడుతుందని పుస్తకం చూసి నేర్చుకున్నాడు. మేస్త్రి ఏ పుస్తకమూ చూడకుండా ముప్ఫయ్యేళ్ళుగా అలాగే ఊదుతున్నాడు. సరిగ్గా అక్కడే డిప్లొమాకి కడుపు మండేది.

వేడి ఇంజను రేడియేటరు మూత తీయకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. లోపల నీళ్ళు ఒత్తిడి మీద ఉంటాయి. మూత కాస్త వదులైతే చాలు, మొహం మీదికి చిమ్ముతాయి. చల్లారాక కూడా గుడ్డ వేసే మూత పట్టుకోవాలి. డిప్లొమా ఈ సంగతిని పెద్దక్షరాలతో రాసి, కింద పుర్రె బొమ్మ వేసి, షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఆర్నెల్లలో ఒక్కడూ చదవలేదు. ఆ మేకుకి డ్రైవర్లు టోపీలు తగిలించుకునేవారు.

మేస్త్రి దగ్గర నోటీసు లేదు. మెడలో ఒక రేకు ఉండేది. పాలడబ్బా మూతకి ఎర్రరంగు పూసి, కన్నం పొడిచి, తీగ కట్టింది. ఏ యంత్రం దగ్గరికో వెళ్ళి, రేడియేటరుకి వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టాన్ని నాడి చూసినట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ" అని, మెడలోని రేకు తీసి రేడియేటరు మూతకి తగిలించేవాడు. ఇక అంతే. తగిలించిన చేయే తీయాలి. అప్పటిదాకా ఆ యంత్రాన్ని మేనేజరు కూడా కదిలించకూడదు. అది ఆ క్వారీలో కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఒకసారి రేకు తగిలించి మరిచిపోయి అక్క కూతురి పెళ్ళికి వెళ్ళిపోయాడు. బుల్డోజరు రెండు రోజులు కదల్లేదు. చివరికి మేనేజరు జీపు పంపి పెళ్ళి పందిట్లోంచి పిలిపించాడు. కొత్తబట్టల్లో దిగిన మేస్త్రి రెండు రోజులుగా రాయిలా పడి ఉన్న ఇంజను గొట్టం పట్టుకుని చూశాడు. "ఇంకో ఐదు నిమిషాలు చల్లారనీ" అన్నాడు. అందరూ చేతులు కట్టుకుని ఐదు నిమిషాలు నిలబడ్డారు. మేనేజరు కూడా.

డిప్లొమాకీ ఒక ట్యాగు ఉండేది. అచ్చు వేయించి, ప్లాస్టిక్కు తొడిగించి, పైన తన ఫొటో కూడా పెట్టించాడు. ఒకరోజు ఎంతో ఆశగా దాన్ని ఒక డంపరుకి తగిలించాడు. అరగంటలో డంపరు వెళ్ళిపోయింది. ట్యాగు క్యాంటీన్లో తేలింది. "ఎవరో పాపం ఐడీ కార్డు పారేసుకున్నారక్కా, వస్తే ఇవ్వు" అని డంపరు డ్రైవరు క్యాంటీన్ అక్కకి అప్పజెప్పి మరీ వెళ్ళాడు.

ఆ క్యాంటీన్ అక్కది మరో కథ. రెండో గ్లాసు టీ అడిగితే డిప్లొమా వంక ఎగాదిగా చూసే మనిషి, మేస్త్రికి ఏకంగా పాలగిన్నె ఇచ్చేసింది. థర్మోస్టాట్ అని ఇంజనులో చిన్న కవాటం ఉంటుంది. ఇంజను కాగేదాకా మూసుకుని ఉండి, కాగాక తెరుచుకుని నీళ్ళని రేడియేటరులోకి వదులుతుంది. అది తెరుచుకుంటోందో లేదో చూడాలంటే నీళ్ళల్లో వేసి మరిగించాలి. మేస్త్రి దాన్ని తీసుకెళ్ళి టీ పొయ్యి మీద మరిగించాడు. అక్క, ఆయన, నలుగురు డ్రైవర్లు గిన్నె చుట్టూ చేరి, పసిపిల్ల ఎప్పుడు కళ్ళు తెరుస్తుందా అన్నట్టు చూశారు. తెరుచుకోగానే చప్పట్లు కొట్టారు. ఆ గిన్నెని అక్క మళ్ళీ పాలకి వాడలేదు, "మేస్త్రిగారిది" అని విడిగా పెట్టింది. డిప్లొమా అదే పరీక్షని బీకరులో, థర్మామీటరు పెట్టి, డిగ్రీలు రాసుకుంటూ చేసేవాడు. ఒక్కడూ తొంగిచూసేవాడు కాదు. తనకీ ఒక గిన్నె ఉంటే బాగుండునని అతనికి లోలోపల ఉండేది. ఆ సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

ఇంటికెళ్తే అక్కడా అదే గోల.

"మేస్త్రిగారు బాగున్నారా?" అని భార్య రోజూ అడిగేది.

"నేను బాగున్నానో లేదో అడగవే?"

"మీరు ఎదురుగా ఉన్నారుగా. కనిపిస్తూనే ఉంది."

అన్నిటికంటే లోతైన గాయం మాత్రం మూడేళ్ళ నాటిది. అప్పట్లో డిప్లొమా ఒక ఆదివారం, ప్రెషర్ కుక్కరు మూత ఎలా తీయాలో భార్యకి గంటసేపు పాఠం చెప్పాడు. చివర్లో కాగితం మీద పుర్రె బొమ్మ కూడా వేసి చూపించాడు. ఆవిడ ఆ కాగితం అతని చేతిలో పెట్టి పుట్టింటికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు అతను బన్నులు తిని బతికాడు. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు ఎండలో పెద్ద బుల్డోజరు రేడియేటరులో కూలెంటు మట్టం చూద్దామని మూత మీద చేయి వేశాడో లేదో, వెనకనుంచి "ఆగు!" అని కేక వినబడింది.

మేస్త్రి వచ్చి గొట్టం పట్టుకున్నాడు. "అబ్బో, సలసలా కాగిపోతోంది. ముట్టుకోకు" అన్నాడు. మెడలో రేకు తీసి తగిలించాడు. "చల్లారనీ. ఒక గంట నువ్వే కాపలా ఉండాలి. వేరేవాళ్ళని నమ్మను."

టార్పాలిన్ నీడన స్టూలు వేసి కూర్చోబెట్టాడు. డిప్లొమా చదివినవాడిని పట్టుకుని ఇంజనుకి కాపలా! వచ్చేపోయేవాళ్ళంతా చూశారు. క్యాంటీన్ అక్క పళ్ళెం నిండా అన్నం తెచ్చి ఒళ్ళో పెట్టి వెళ్ళింది, జైల్లో ఖైదీకి పెట్టినట్టు. తిన్నాడు. తిన్నాక ఏమీ తోచలేదు. ఏమీ తోచక భార్యకి ఫోను చేశాడు. ఇంకేం మాట్లాడాలో తెలియక క్షమించమన్నాడు. ఆవిడ మర్నాడే వచ్చేసింది. అయినా సరే, ఆ స్టూలు గుర్తొస్తే మూడేళ్ళ తర్వాత కూడా అతనికి చెవులు ఎర్రబడేవి.

అలాంటివాడిని ఒకరోజు మేనేజరు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రాయి తవ్వడం తగ్గుతోందని పైవాళ్ళు ప్రాణం తీస్తున్నారు. ఎక్కడ చూసినా ఆ ఎర్రరేకే. యంత్రాలు నిజంగా వేడెక్కుతున్నాయా, ముసలాయన ఊరికే ఆపుతున్నాడా?"

"చూసి చెప్తాను సార్."

"రుజువు తీసుకురా. ఊరికే ఆపుతున్నట్టు తేలితే ఆయన్ని ఇంటికి పంపేస్తా. ఆయన కుర్చీ నీది."

డిప్లొమా గాల్లో తేలుతూ బయటికొచ్చాడు. అతని దగ్గర అప్పటికే ఒక టెంపరేచర్ గన్ ఉంది. పిస్తోలులా ఉంటుంది, గురిపెట్టి నొక్కితే దూరం నుంచే వేడి ఎంతో అంకెల్లో చూపిస్తుంది. అప్పటిదాకా దాంతో ఇంట్లో దోసెపెనం మీద తప్ప దేనిమీదా అతను నొక్కింది లేదు. ఇక రెండు నెలలపాటు మేస్త్రి ఎక్కడ రేకు తగిలిస్తే అక్కడ, ఆయన అటు తిరగ్గానే, టైరు చాటునుంచి గురిపెట్టి నొక్కాడు.

పదిహేడు రేకులు. అందులో నిజంగా వేడెక్కిన ఇంజన్లు నాలుగు. మిగతా పదమూడూ ఎనభై, ఎనభై ఐదు డిగ్రీలు, అంటే పనిచేసే ఇంజను ఉండాల్సిన వేడే. ఆ పదమూడు అంకెల కిందా అతను రెండేసి గీతలు గీశాడు. ముప్ఫయ్యేళ్ళ నాడి పట్టుడంతా ఉత్త నాటకం! మర్నాడు ఉదయం అతను ఈల వేసుకుంటూ పనికి వెళ్ళాడు. భార్య వింతగా చూసింది.

రుజువు ఇంకాస్త గట్టిగా ఉండాలని డ్రైవర్లని అడుగుదామనుకున్నాడు. ముందు లోడరు డ్రైవరు దొరికాడు.

"పోయిన నెల పన్నెండో తారీకు నీ లోడరుకి రేకు పడింది. ఏమైంది దానికి?"

"లోడరుకా? ఏమీ కాలేదండీ. అంతకుముందు రాత్రంతా మా పాపకి జ్వరం. నాకే కళ్ళు మూసుకుపోతున్నాయి. అదృష్టం, అదే టైముకి మేస్త్రి రేకు తగిలించారు. క్యాబిన్లోనే గంట పడుకున్నా."

యాదృచ్ఛికమని రాసుకుని డిప్లొమా డంపరు డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

"ఇరవయ్యో తారీకా? ఆ రోజు నేనూ డ్రిల్లు ఆపరేటరూ కొట్టుకోబోయాం. ఛీ, గుర్తుచేయకండి. ఇద్దరి బళ్ళకీ ఒకేసారి వేడొచ్చింది. మేస్త్రి దగ్గర ఒకటే రేకు కదా, రెండోదానికి తన చేతిరుమాలు కట్టారు. బల్ల ఒక్కటే ఉంది. ఇద్దరం దానిమీదే కూర్చున్నాం. ఎంతసేపని మొహాలు తిప్పుకుంటాం?"

"తర్వాత?"

"వాడి కొడుక్కి మా అన్న దగ్గర పని చూపించా."

పదమూడు మందిలో తొమ్మిదిమందిని అడిగేసరికి డిప్లొమా ఈల ఆగిపోయింది. ఒకడికి తల్లి ఆసుపత్రిలో ఉంది. ఒకడు అంతకుముందు రోజే కొండ అంచున బండిని జార్చి, భయం దాచుకుని, మళ్ళీ అదే అంచుకి వెళ్తున్నాడు. ఏ ఇంజనుకీ వేడి లేదు. ఆ గంటలో మేస్త్రి ఊరికే కూర్చోలేదు కూడా. రేడియేటరు రెక్కలు ఊదాడు, ఫ్యాను బెల్టు బిగువు బొటనవేలితో నొక్కి చూశాడు, గొట్టాలు పగిలాయేమో తడిమాడు.

డిప్లొమాకి కలిగింది పశ్చాత్తాపం అనుకునేరు. కాదు. ఇంకాస్త ఈర్ష్య. పనితనం సరే, క్యాంటీను గిన్నె సరే, ఆఖరికి మంచితనంలో కూడా ఈయనే ముందుండాలా అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా రుజువు రుజువే. పాతవి కూడా చేరుద్దామని బీరువాలోంచి మూడేళ్ళ కిందటి యంత్రాల రిజిస్టరు తీశాడు.

పెద్ద బుల్డోజరు పేజీలో తన స్టూలు తారీకు కనిపించింది. "గంట ఆపాను. చల్లారుతోంది," మేస్త్రి వంకర రాత. పక్కన ఇంజను నడిచిన గంటల అంకె. డిప్లొమా కళ్ళు అక్కడే ఆగాయి. ముందురోజూ అదే అంకె. దాని ముందురోజూ అదే. అంటే మూడు రోజులుగా ఆ ఇంజను నడవనేలేదు. పై వరుసలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: "బ్యాటరీ ఊడదీసి ఛార్జింగుకి పెట్టడమైనది." కింద సంతకం తనదే.

బ్యాటరీ లేని బుల్డోజరు! తన చేత్తో తనే బ్యాటరీ తీసిన బుల్డోజరు! దానికి వేడి తగ్గాలని, డిప్లొమా చదివినవాడు, నీడన కూర్చుని, అన్నం తిని, గంటసేపు కాపలా కాశాడు. షెడ్డులో ఎవరూ లేరని చూసుకుని అతను రిజిస్టరు మూసి దానిమీద తల ఆనించాడు. అప్పుడొచ్చింది అతనికి సిగ్గు. దాని వెనకే నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు ఆపుకోవడానికి కాస్త సమయం పట్టింది.

సోమవారం పదింటికి మేనేజరు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. తెల్లారినప్పటినుంచి పైవాళ్ళ ఫోన్లట. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చొక్కా బొత్తాలు ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టుకున్నాడు. డ్రైవర్లంతా గుమిగూడారు.

"ఎక్కడ నీ రిపోర్టు? ఇవాళ ఈ రేకు సంగతి తేల్చేస్తా! ఆయన సంచి సర్దుకుంటాడో, నేను సర్దుకుంటానో!"

డిప్లొమా నోరు తెరిచేలోగా మేస్త్రి నెమ్మదిగా జీపు దగ్గరికి నడిచాడు. బానెట్ ఎత్తాడు. గొట్టం పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. మెడలోని రేకు తీసి జీపు రేడియేటరు మూతకి తగిలించాడు.

గోడ మేకుకి టోపీ తగిలించబోతున్న డ్రైవరు అలాగే ఆగిపోయాడు.

"నా జీపుకా!" మేనేజరు గొంతు కీచుమంది. "ఏమైందని?"

"కాగిపోతోంది సార్. చల్లారనీ."

"చూశారా? ఇదీ నాటకం! అరే డిప్లొమా, నీ గన్ తియ్. అందరి ముందూ నొక్కు. అంకె ఎంతో గట్టిగా చదువు."

డిప్లొమా గన్ తీశాడు. గురిపెట్టాడు. నొక్కాడు. ఆ చిన్న అద్దంలో అంకె అతనికొక్కడికే కనబడుతుంది. ఎనభై రెండు. అతను ఏళ్ళుగా కలగన్న కుర్చీ, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టుకి దక్కాల్సిన మర్యాద, అంతా ఆ అంకెలోనే ఉంది. పైకి చదివితే చాలు. తల ఎత్తి చూస్తే మేస్త్రి అతనివైపు చూడనే లేదు. ఆయన చూపంతా మేనేజరు ఎర్రబడ్డ కళ్ళ మీద, వంకర బొత్తాల మీదే ఉంది.

"ఎంత?"

"నూట ఆరు, సార్" అన్నాడు డిప్లొమా.

"నూట ఆరా?"

"ఇంకో కిలోమీటరు నడిపితే మూత లేచిపోయేది సార్."

"మరి రిపోర్టు?"

"రెండు నెలల్లో పదిహేడు సార్లు ఆపారు సార్. ఈ రెండు నెలల్లో మన దగ్గర పాడైన ఇంజను లేదు. ఒక్క ప్రమాదం లేదు. అదే రిపోర్టు." ఇది మాత్రం అక్షరాలా నిజం. చెప్పాక అతనికి కుర్చీ గుర్తొచ్చి గుండె చివుక్కుమంది.

మేనేజరు కాసేపు జీపుని, కాసేపు రేకుని చూశాడు. తగిలించిన చేయే తీయాలి. ఎక్కడికీ వెళ్ళే దారి లేదు. ఉస్సురంటూ బల్ల మీద కూలబడ్డాడు. క్యాంటీన్ అక్క టీ తెచ్చింది. "చల్లారనీ సార్" అన్నాడు మేస్త్రి. టీ చల్లారేలోగానే మేనేజరు మెడ వాలిపోయింది. లోడరు డ్రైవరు చప్పుడు కాకుండా ఫ్యాను ఇటు తిప్పాడు. గంటంపావు నిద్రపోయి లేచిన మేనేజరు, బొత్తాలు సరిగ్గా పెట్టుకుని, "ఎందుకొచ్చానబ్బా నేను?" అన్నాడు. ఎవరికీ గుర్తులేదు.

జీపు వెళ్ళాక డిప్లొమా మేస్త్రి పక్కన కూర్చున్నాడు.

"మేస్త్రీ, మూడేళ్ళ కింద నన్ను కాపలా పెట్టిన బుల్డోజరుకి బ్యాటరీ లేదు."

"లేదు."

"అది చల్లగా ఉంది."

"మంచులా ఉంది."

"అయితే నా సంగతి ఎలా తెలిసింది? నేనెవరికీ చెప్పలేదే!"

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "గుడ్డ లేకుండా మూత పట్టుకున్నావ్ అబ్బాయ్. పుర్రె బొమ్మ వేసి గోడకి తగిలించినవాడివి, నువ్వే గుడ్డ లేకుండా పట్టుకున్నావంటే, ఇంట్లో ఏదో పెద్దదే జరిగి ఉంటుందనుకున్నా."

"నా నోటీసు మీరు చదివారా?"

"చదవకేం? బాగా రాశావ్. ఆ టోపీలే అడ్డం."

డిప్లొమా గోడ మీది టోపీలవైపు చూశాడు. మేస్త్రి అతని చేతిలోని గన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నూట ఆరు చెప్పిందా? మంచి యంత్రం. జాగ్రత్తగా చూసుకో" అని తిరిగి ఇచ్చాడు.

ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్తే భార్య కళ్ళు తుడుచుకుంది. "ఆయన్ని ఆదివారం భోజనానికి తీసుకురండి" అంది. తీసుకొచ్చాడు. పొగలు కక్కుతున్న అన్నం వడ్డించగానే మేస్త్రి చేతులు ఒళ్ళో పెట్టుకుని "చల్లారనీ అమ్మా" అన్నాడు.

"అంతేనండీ, నిదానంగా తినండి" అంది ఆవిడ, ఎంతో ముచ్చటపడిపోతూ.

పెళ్ళైన ఎనిమిదేళ్ళలో కంచంలో అన్నం రెండు నిమిషాలు ఆరితే ఇల్లు పీకి పందిరేసే మనిషి ఆవిడ. డిప్లొమా ఆవిడ వంక చూశాడు. మేస్త్రి వంక చూశాడు. మళ్ళీ ఒళ్ళు భగ్గున మండింది. ఒక్క క్షణం ఆగి, తనూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీకేమొచ్చింది? తినండి, చల్లారిపోతుంది!" అంది భార్య.